పురుగులకు సంజాయిషీ నోటీసు

నా పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నా అభిప్రాయం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగింది ఒక్కసారి. ఆ ఒక్కసారికే ఇంత నిర్వాకం చేశాను. ఇంకో రెండుసార్లు అడిగి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

నన్ను కూర్మారావు అంటారు. పేరు ముందు డాక్టరు ఉంది గానీ, వీధిలో ఎవరైనా జ్వరమొచ్చిందని మా గుమ్మం ఎక్కితే మా ఆవిడ లోపలినుంచే "ఆయన పురుగుల డాక్టరండీ, మీకు పనికిరాడు" అని కేకేసి పంపించేస్తుంది. జీడిమామిడి పరిశోధనా కేంద్రంలో కీటక శాస్త్రవేత్తని. అక్కడ కూడా పంట పాడుచేసే పేరున్న పురుగులన్నీ పెద్ద శాస్త్రవేత్తలు పంచేసుకున్నారు. వాళ్ళకి రైతు సదస్సులు, శాలువాలు, పేపర్లో ఫొటోలు. నా వాటాకి చెత్త తిని బతికే పురుగులు మిగిలాయి. అవి ఎవరికీ అపకారం చెయ్యవు, ఎవరికీ అక్కర్లేదు. నేనూ అంతే కాబట్టి మాకు బాగా కుదిరింది.

అలాంటివి రెండింటిని పట్టుకుని వాటిని పోలుస్తూ కాలక్షేపం చేస్తున్నాను. మొదటిది వెండిపురుగు. పాత పుస్తకం తెరిస్తే పేజీల మధ్యనుంచి తళుక్కున జారిపోతుందే, అదే. మా ఆఫీసు రికార్డు గదిలో దాని కాపురం. పాత కాగితం, అట్టల జిగురు, గంజి తగిలిన గుడ్డ, ఏది దొరికితే అది గీరుకుని తింటుంది. రెండోది ఆవగింజలో సగం కూడా ఉండదు. జీడితోటలో రాలిన ఆకుల కింద, తడిలో ఉంటుంది. కుళ్ళిన ఆకునీ, ఆకు మీద పట్టిన బూజునీ తిని మట్టి చేస్తుంది. దాని కడుపు కింద మడతపెట్టిన తోక ఉంటుంది. ముట్టుకోబోతే ఆ తోకని నేలకి తన్ని టప్పున ఎగురుతుంది. దానికి తెలుగులో పేరు లేదు. తోటలో ఊడ్చే దాలమ్మ ఓసారి నా భూతద్దంలోంచి చూసి, "ఓలమ్మ, ఏటి బాబూ ఇది, గెంతుడు పురుగు!" అంది. అప్పట్నుంచీ నా రిపోర్టుల్లో అదే పేరు రాస్తున్నాను. పేరు పెట్టిన మనిషి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. శాస్త్రవేత్తలం కదా.

ఆ గెంతుడు పురుగుల కోసం ఏడో నంబరు ప్లాటు నాకు కేటాయించారు. అరెకరం. పదకొండేళ్ళుగా అక్కడ చీపురు పడలేదు. ఆకు మీద ఆకు, ఏడాది మీద ఏడాది, చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. కేంద్రమంతా ఊడ్చే దాలమ్మకి ఆ ఒక్కచోటా కనిపించకూడదని ఆర్డరు. ఓసారి అలవాటుకొద్దీ అంచున నాలుగు చీపురు పోట్లు వేసిందని నేను చేసిన రాద్ధాంతం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఇది చెత్త కాదు, ప్రయోగం!" అని అరిచాను. "నాకేటి తెలుస్తాది బాబూ, సూడ్డానికి సెత్తలాగే ఉంది" అంది పాపం. నిజం చెప్పాలంటే మా ఆవిడా అదే అంది. కానీ నాకా ప్లాటంటే ప్రాణం. సాయంత్రాలు అక్కడ గొంతుక్కూర్చుని ఆకులెత్తి చూడ్డం తప్ప నాకింకో సరదా లేదు.

ఇలా ఉండగా రాజధానినుంచి ఉత్తర్వు వచ్చింది. దేశంలో పరిశోధనలన్నీ "ఈ విషయమై మరింత పరిశోధన అవసరము" అని ముగుస్తున్నాయట. పై వాళ్ళకి విసుగొచ్చింది. అందులో వాళ్ళ తప్పేం లేదు, ఆ వాక్యం రాసీరాసీ నాకే విసుగొచ్చింది. అందుకని ఇలా రాశారు: "ఇకమీదట ప్రతి తులనాత్మక అధ్యయనము నందును ఒక విజేతను, ఒక పరాజితను విధిగా ప్రకటించవలెను. పరాజిత పక్షమునకు సంబంధించిన ఆవాసము, సామగ్రి, నిల్వలు తక్షణము ఉపసంహరింపబడును."

మా డైరెక్టరు సన్యాసిరాజు గారు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా గదిలోకే వచ్చారు. ఆయన నా గదిలోకి రావడం అదే మొదటిసారి. గది ఎక్కడుందో అటెండరు చూపించాడు.

"కూర్మారావ్, మన కేంద్రం మొత్తానికి పోలిక పరిశోధన నీదొక్కటేనయ్యా. జిల్లాలో మొట్టమొదటి విజేత మననుంచే వెళ్ళాలి. రేపు పదింటికల్లా పోర్టల్లో ఎక్కించెయ్."

"సార్, ఒకటి కాగితాల్లో ఉండేది, ఒకటి ఆకుల్లో ఉండేది. వాటిలో ఏది గొప్పదని చెప్తాం?"

"అది చెప్పడానికేగా నీకు జీతం" అన్నారాయన, చాలా మంచిగా.

పోర్టల్ తెరిచాను. పద్నాలుగు గళ్ళు. చివరి గడిలో రెండే మాటలున్నాయి: మెరుగు, నాసి. సమానం అన్నది లేదు. పదకొండేళ్ళ అభిమానం ఎక్కడికి పోతుంది? గెంతుడు పురుగు మెరుగు, వెండిపురుగు నాసి అని నొక్కేశాను. వెండిపురుగుల్ని ఉపసంహరిస్తే రికార్డు గదికి మంచిదేగా అనుకున్నాను కూడా. దానితో ఊరుకున్నానా? ఎవరో నా రాత చదువుతున్నారన్న సంబరంలో 'ఆహారం' అన్న గడిలో వెండిపురుగు తినేవన్నీ పూసగుచ్చినట్టు రాశాను: "1994 నుండి 2008 వరకు గల రోజుకూలీల మస్టరు రోల్స్, పాత సర్వీసు రిజిస్టర్లు, బైండింగు అట్టలు." అంత వివరంగా నేను నా పెళ్ళి శుభలేఖ కూడా రాసుకోలేదు.

నాలుగో రోజున పనితీరు మదింపు అధికారి విద్యాధర్ గారు కారు దిగారు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో టాబ్లెట్టు, ముఖం మీద ఎవర్నో మెరుగుపరచబోతున్న చిరునవ్వు. నేరుగా రికార్డు గదికి తీసుకెళ్ళాం. సూపరింటెండెంటు పట్నాయక్ గారు తాళం తీసి లైటు వేశారు. అట్టల మీద రెండు మూడు వెండి గీతలు కదిలి మాయమయ్యాయి.

"స్ట్రెంత్ ఎంత?" అన్నారు విద్యాధర్ గారు.

"లెక్క దొరకదు సార్. వెలుతురు పడితే పారిపోతాయి."

"తనిఖీ అధికారిని చూసి పారిపోవుచున్నవి" అని ఆయన టాబ్లెట్టులో కొట్టుకున్నారు. "ప్రొడక్ట్ ఏమిటి వీటిది?"

"ప్రొడక్టంటే... కాగితం తిని కాస్త పొడి వదుల్తాయండి."

"ప్రభుత్వ రికార్డును పొడి చేయుచున్నవి. దట్సాల్."

తరవాత ఏడో ప్లాటుకి వెళ్ళాం. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకి తీశాను. నా బంగారు కొండలు టపటపా గెంతాయి. విద్యాధర్ గారు ఒకడుగు వెనక్కి వేసి, వెంటనే రెండడుగులు ముందుకొచ్చారు.

"వావ్! ఎనర్జీ చూడండి! తనిఖీకి రెస్పాన్స్ చూడండి! ఇది ఏ కేడరు కీటకం?"

అబద్ధం చెప్పలేక ఉన్నమాట చెప్పాను. "సార్, ఖచ్చితంగా మాట్లాడితే ఇది పూర్తి కీటకం కాదండి. ఈమధ్య దీన్ని కీటకాల జాబితాలోంచి తీసి పక్కన పెట్టారు. దగ్గర చుట్టం కింద లెక్క."

ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే ఔట్‌సోర్సింగ్! ఔట్‌సోర్సింగ్ అయ్యుండి రెగ్యులర్ కీటకం కంటే ఎక్కువ పని చేస్తోంది. రాజు గారూ, దీన్ని స్టేట్ లెవెల్‌కి తీసుకెళ్దాం."

రాజు గారు నా వీపు తట్టారు. నేను మురిసిపోయాను. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "వెండిపురుగు పరాజిత. దాని ఆవాసమగు రికార్డు గదిని, శాస్త్రవేత్త నివేదికలో పేర్కొనబడిన ఆహారనిల్వలతో సహా, ఈ నెల పదహారవ తేదీన నిర్మూలించవలెను. అంతవరకు ఆహారనిల్వలను ఎవరును కదల్చరాదు." అది కూడా నేను సరిగ్గా చదవలేదు. మొదటి పేజీలో నా పేరు కనబడితే అక్కడే ఆగిపోయాను.

చదివింది దాలమ్మ. అంటే ఆవిడకి చదువు రాదు, అటెండరు చదివి చెప్పాడు. మధ్యాహ్నం నా గది గుమ్మం దగ్గర చీపురు బయట పెట్టి నిలబడింది.

"బాబూ, ఆ గదిలో కాయితాలు తగలెట్టీస్తారంట, నిజమేనేటి?"

"తగలెడతారో ఏం చేస్తారో గానీ, ఖాళీ చేస్తారు. పాత చెత్తేగా దాలమ్మా."

"సెత్త కాదు బాబూ. నా ఏలిముద్రలన్నీ అందులోనే ఉన్నాయి."

అప్పుడు తెలిసింది నాకు. దాలమ్మ ఇరవై మూడేళ్ళుగా రోజుకూలీ. ఆవిడలా ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళని పర్మినెంటు చేస్తామని కిందటేడు జీవో వచ్చింది. పద్దెనిమిదో తారీకున పరిశీలన సంఘం వస్తోంది. పాత మస్టరు రోల్స్‌లో పదేళ్ళ హాజరు కళ్ళారా చూస్తేనే పర్మినెంటు. కాపీలు చెల్లవు, సాక్షులు చెల్లరు. ఆవిడకి ఇంకో రెండేళ్ళు దాటితే వయసు చెల్లదు. కేంద్రంలో అలాంటివాళ్ళు మరో ఆరుగురున్నారు. అందరి బతుకూ పదహారో తారీకున నిర్మూలించబడును.

"మా ఆయన పోయినప్పుడు కూడా మూడోనాడు పనికొచ్చీసాను బాబూ, హాజరు తెగిపోద్దని" అంది. ఏడవలేదు. చెప్పి, చీపురు తీసుకుని, ఎనిమిదో ప్లాటు ఊడవడానికి వెళ్ళిపోయింది. ఆ మస్టరు రోల్స్‌ని పురుగుల తిండి అని రాసింది ఏ చవట? నేనే.

పట్నాయక్ గారి దగ్గరికి పరిగెత్తాను. "సార్, ఆ మస్టరు రోల్స్ కట్ట ఒక్కటి తీసి మీ బీరువాలో పెట్టండి, పుణ్యముంటుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అవి మస్టరు రోల్స్ అయితే తీసిచ్చేద్దును డాక్టరు గారూ. కానీ మొన్నటినుంచీ అవి ఆహారనిల్వలు. ఆహారనిల్వలు కదల్చరాదు. ఇదిగో, మీ నివేదికే, పేజీ మూడు. చేతిరాత ఉంటే బాగుండేది, గుర్తుపట్టేవారు."

"పొరపాటున రాశానండీ బాబూ!"

"శాస్త్రవేత్త పొరపాటుగా రాస్తే అది శాస్త్రం అవుతుందండి. మేం గుమాస్తాలం, మేం రాస్తే పొరపాటవుతుంది" అన్నారాయన. వెటకారమో వేదాంతమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

డైరెక్టరు గారి కాళ్ళమీద పడ్డంత పని చేశాను. ఆయన పోర్టల్ తెరిచి చూపించారు. "వెనక్కి తీసుకునే బటన్ లేదయ్యా. నేనూ వెతికాను, మా ఇంటి అడ్రసు తప్పు పడితే. పంపించు అన్నదొక్కటే ఉంది."

ఆ క్షణాన నాకు తట్టింది. మా కేంద్రంలో తట్టిన ఆలోచనల్లో అంత పనికిమాలినది ఇంకోటి లేదు, అందుకే పనిచేసింది.

"సార్, ఓడినవాళ్ళకి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చామా?"

"ఎవరికి? పురుక్కా?"

"ఎవరికైనా సరే సార్. నోటీసివ్వకుండా ఆవాసం తీసేస్తే సహజ న్యాయం కాదు. రేపు జీవకారుణ్యం వాళ్ళెవరో కోర్టుకెళ్తే పిలిచేది మిమ్మల్నే."

కోర్టు అనగానే రాజు గారు మంచినీళ్ళు తాగారు. ఆయనకి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఐదు నిమిషాల్లో విద్యాధర్ గారికి ఫోను చేశారు. విద్యాధర్ గారు ఫోన్లోనే ఎగిరి గంతేశారు. "బ్యూటిఫుల్! ప్రొసీజర్ అంటే ఇదీ. ఓడినవారికే ఇస్తే పక్షపాతం అంటారు. ఉభయ పక్షాలకూ జారీ చెయ్యండి. ఏడు రోజుల గడువు."

నోటీసు పట్నాయక్ గారు స్వహస్తాలతో తయారు చేశారు. "శ్రీ వెండిపురుగు మరియు తదితరులకు. మీరు ప్రభుత్వ కాగితములను దీర్ఘకాలముగా భుజించుచు, తనిఖీ సమయమున పరారగుచు, విధినిర్వహణలో వెనుకబడినట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినది. మీపై చర్య ఏల తీసుకొనరాదో ఈ నోటీసు అందిన ఏడు దినములలో తెలుపవలెను. తెలుపనియెడల మీకు చెప్పుకొనునది ఏమియు లేదని భావించి ఏకపక్షముగా ఉత్తర్వులు జారీ చేయబడును." గెంతుడు పురుక్కి కూడా ఇలాంటిదే, కాకపోతే 'శ్రీ' లేదు. ఔట్‌సోర్సింగ్ కదా.

అంటించే బాధ్యత నాకు అప్పజెప్పారు. రెండు పురుగుల అలవాట్లూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

ఇక్కడ మీతో అబద్ధం చెప్పను. పట్నాయక్ గారు సెలోటేపు ఇచ్చారు. నేను ఇంటికెళ్ళి మా ఆవిడ చేత మైదా ఉడికించి జిగురు చేయించాను. ఎందుకని అడిగితే "ఆఫీసు పని" అన్నాను. రికార్డు గదిలో నోటీసు వెనకా ముందూ అంచుల్నిండా ఆ జిగురు పూసి అంటించాను. వెండిపురుగుకి అది పెళ్ళి భోజనం. మూడు రోజుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

రెండో నోటీసు పట్టుకుని ఏడో ప్లాటుకి వెళ్ళాను. దాన్ని ఉత్త కాగితంగా ఆకుల మీద వదిలేస్తే చాలు. వాన పడుతోంది, వారంలో నానిపోయి బూజు పడుతుంది, బూజు కోసం నా పురుగులు చేరతాయి. నాలుగు చోట్లయినా మరకా మచ్చా కనిపిస్తుంది. "అందినట్టు ఆధారం" అని నేను వాదించుకోవచ్చు. అప్పుడు ఇద్దరూ జవాబిచ్చినట్టవుతుంది, పాత ఉత్తర్వే నిలబడుతుంది, నా ప్లాటు నాకుంటుంది. జేబులో ప్లాస్టిక్ కవరు ఉంది. నోటీసుని అందులో పెడితే బూజు పట్టదు, ఏ పురుగూ దాని జోలికి పోదు.

అరగంట గొంతుక్కూర్చున్నాను. దాలమ్మకి ఇంకో దారి దొరక్కపోదులే అని ఒకసారి అనుకున్నాను. ఏడుగురి కోసం పదకొండేళ్ళ విజ్ఞానాన్ని బలిపెట్టడం న్యాయమా అని ఇంకోసారి అనుకున్నాను. విజ్ఞానం అన్నమాట నా నోటికి చాలా బాగా వచ్చింది. ఈ పదకొండేళ్ళలో నేను రాసింది నాలుగు వ్యాసాలు, చదివింది వాటిని అచ్చువేసినవాడు ఒక్కడే, వాడు కూడా పూర్తిగా చదివాడని నమ్మకం లేదు. అయినా పై ఆకు ఒకటి ఎత్తి చూసి మళ్ళీ అలాగే కప్పాను. చివరికి కవరులో పెట్టి, మూతి మడిచి, ఒక పుల్లకి గుచ్చి, పాతి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

పద్నాలుగో తారీకున విచారణ జరిగింది. రికార్డు గదిలో నోటీసు అంచులు లేవు. 'శ్రీ' దగ్గర్నుంచి 'పరారగుచు' దాకా ఖాళీ. విద్యాధర్ గారు టార్చి వేసి చూసి తల ఊపారు.

"నోటీసు స్వీకరించబడినది. అంతేకాదు, అభియోగాలను పూర్తిగా జీర్ణించుకున్నట్టు కనబడుతోంది. ఇది పశ్చాత్తాపం. రాసుకోండి, పట్నాయక్ గారూ."

ఏడో ప్లాటులో ప్లాస్టిక్ కవరు వానకి కడిగిన ముత్యంలా మెరుస్తోంది. లోపల నోటీసు నలగను కూడా లేదు.

"ముట్టుకోనే లేదు!" అన్నారాయన. ఆయన గొంతులో నిజంగా బాధ వినిపించింది. "పొగిడాం కదా అని నెత్తికెక్కింది. ఔట్‌సోర్సింగ్ వాళ్ళతో ఇదే సమస్య, కమిట్‌మెంట్ ఉండదు. శాస్త్రవేత్తగా మీరేమైనా చెప్తారా, కూర్మారావు గారూ?"

అందరూ నా వైపు చూశారు. కవరు సంగతి ఒక్కరూ అడగలేదు. "చెప్పడానికేం లేదు సార్" అన్నాను.

ఉత్తర్వు తిరగబడింది. వెండిపురుగు విజేత, రికార్డు గది భద్రం. గెంతుడు పురుగు పరాజిత, ఏడో ప్లాటు రద్దు. ప్లాటు ఖాళీ చెయ్యడానికి మనుషుల్ని తరవాత కేటాయిస్తామన్నారు. నేను ఇంటికెళ్ళి అన్నం మానేశాను. మా ఆవిడ "ఆఫీసు పని అయిందా?" అని అడిగింది. అయిందన్నాను.

అయిందనుకున్నది ఎక్కడయింది? పద్దెనిమిదో తారీకున పరిశీలన సంఘం వచ్చింది. మా ఖర్మకొద్దీ దానికి అధ్యక్షుడు కూడా విద్యాధర్ గారే. మస్టరు రోల్స్ తెచ్చి బల్ల మీద విప్పారు. దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. మొదటి పేజీ తిప్పారు. దాలమ్మ పేరుకి ఎదురుగా వరసంతా కన్నాలు. తర్వాతి పేజీ కూడా కన్నాలే.

"హాజరు గళ్ళలో హాజరు లేదు" అన్నారు విద్యాధర్ గారు. "ఈమె వచ్చినట్టు రుజువేది?"

"రోజూ వచ్చినానండి" అంది దాలమ్మ. "ఆదోరం తప్ప ఏనాడూ మాన్లేదండి."

"అమ్మా, నేను కాగితం చూస్తాను, మనిషిని చూడను. అది రూలు."

నాకు కోపం నషాళానికంటింది. ఎవరి మీదో తెలీలేదు. నేను కాపాడిన విజేత, నేను మైదా పెట్టి మేపిన పురుగు, అదే ఈవిడ ఇరవై మూడేళ్ళూ తినేసిందే! కోపంతోనే భూతద్దం తీసి ఆ పేజీ మీదకి వంగాను. వంగాక కోపం పోయింది, ఇంకేదో మొదలయింది.

కన్నాలు ఎక్కడపడితే అక్కడ లేవు. గడికొకటి, వేలంత. మధ్య మధ్య కొన్ని గళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిలో మేస్త్రీ గీసిన అడ్డగీత ఉంది. ఆదివారాలు.

"దాలమ్మా, పుస్తకంలో వేలిముద్ర ఎప్పుడు వేయించేవారు?"

"అంబలి తాగినాక బాబూ. మేస్త్రీ అప్పుడే తెచ్చీవోడు పుస్తకం."

"చెయ్యి కడుక్కునేదానివా?"

అందరి ముందూ అలా అడిగితే సిగ్గుపడింది. "తోటలో నీళ్ళెక్కడివి బాబూ అప్పట్లో? సీర కొంగుకి తుడుసుకునీదాన్ని."

నేను నిటారుగా నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నాకు తెలిసిన సంగతి ఒకటి ఎవరికో అవసరమయింది. "సార్, ఇది చోడి అంబలి, అంటే రాగిగంజి. వెండిపురుక్కి గంజి అంటే ప్రాణం. ఉత్త కాగితం జోలికి తొందరగా పోదు. అంబలి అంటిన వేలు ఎక్కడ పడిందో అక్కడే తిన్నది. వేలు పడని ఆదివారాలు చూడండి, ఒక్క కన్నం లేదు. ఈ కన్నాలే ఆవిడ హాజరు."

విద్యాధర్ గారు నా భూతద్దం తీసుకుని పది పేజీలు చూశారు. నాలుగు రోజుల కిందట విజేతగా తానే ప్రకటించిన పురుగు సాక్ష్యాన్ని తానే కాదనడం ఎలా?

"కన్నం ఒకటికి హాజరు ఒకటి" అన్నారు చివరికి. "లెక్కపెట్టండి."

సాయంత్రం దాకా కన్నాలు లెక్కపెట్టాం. రాజు గారు కూడా చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. పదేళ్ళు కావలసి ఉంటే దాలమ్మకి పద్నాలుగేళ్ళ కన్నాలు వచ్చాయి. మిగతా ఆరుగురికీ సరిపడా వచ్చాయి. విద్యాధర్ గారికి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, నెల తిరక్కుండా జిల్లాలో అన్ని ఆఫీసులకీ సర్క్యులర్ వెళ్ళింది: "హాజరు పట్టీలో వేలిముద్ర వేయుటకు పూర్వము సిబ్బంది కుడిచేతి బొటనవ్రేలికి గంజి రాసుకొనవలెను." మా ఆఫీసులో గుమ్మం దగ్గర స్టీలు గిన్నెలో గంజి పెట్టారు. పొద్దున్నే అందరం బొటనవేలు ముంచుతున్నాం. దీనికి మూలపురుషుణ్ణి నేనేనని కొందరు నన్ను అదోలా చూస్తున్నారు.

దాలమ్మకి పర్మినెంటు ఆర్డరు వచ్చింది. ఆ రోజు ఆకుపచ్చ యూనిఫారం చీరలో, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని, నా గదికొచ్చి చేతిలో మిఠాయి పెట్టింది. ఇంకో చేతిలో కాగితం ఉంది.

"పర్మినెంటు అయినాక మొదటి డూటీ అంట బాబూ. పట్నాయక్ బాబు ఇచ్చారు. ఏటి రాసుందో సదవండి."

చదివాను. ఏడవ నంబరు ప్లాటును నేటి సాయంకాలములోగా పూర్తిగా శుభ్రపరచవలెను.

చదివి వినిపించాను. ఆవిడ మిఠాయి పొట్లం వైపు చూసి, నా వైపు చూసింది. "అది తమరి ప్లాటు కదా బాబూ. ఆ పురుగులో?"

"వాటికి నోటీసిచ్చాంలే దాలమ్మా."

ఆవిడ కార్డు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నాను సెయ్యనంటే?" అంది మెల్లగా.

"మొదటి రోజే చెయ్యననకు. ఇప్పుడు నీది పర్మినెంటు ఉద్యోగం" అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది. అదొక్కటే ఆ రోజు నేను సాధించింది.

వెనకాలే వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను. దాలమ్మ కొంగు బిగించి ఒక మూలనుంచి మొదలెట్టింది. పై ఆకు, కింది ఆకు, నల్లగా మట్టయిపోయిన అడుగు ఆకు, అన్నీ ఒక్కొక్క వరసే లేచి వస్తున్నాయి. చీపురు ముందు నా పురుగులు టపటపా గెంతుతున్నాయి. ఎటు గెంతినా చీపురు అటే వస్తోంది. నాకు ఏడుపొస్తోంది, ఆవిడ మెడలో కార్డు ఊగుతుంటే ఆ ఏడుపులోనే సంతోషంగానూ ఉంది. రెండింటినీ పోల్చి ఏది ఎక్కువో చెప్పమంటే మాత్రం నావల్ల కాదు.

పొద్దు వాలేసరికి పనయిపోయింది. అరెకరం ఎర్రమట్టి, దాని మీద చీపురు గీతలు. ఒక్క ఆకు లేదు. దాలమ్మ నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, చెమట తుడుచుకుని, భయం భయంగా నా మొహంలోకి చూసింది.

"ఎలాగుంది బాబూ?"

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట నన్నడగడం అదే మొదలు.

"చాలా బాగా ఊడ్చావు దాలమ్మా" అన్నాను.